శాలువ కూలి యగునా?

గడచిన పక్షమున ఒక వ్యాజ్యము నిమిత్తమై హనుమకొండకు పోయి తిరిగి వచ్చుచుండగా, బస్సుల నిలయమునకు ఎదుటి గోడపై నొక రంగుల ప్రకటన కానవచ్చినది. హైదరాబాదు యువకుల వాద్యబృందమొకటి, నేటివారి మాటలో బ్యాండు, క్రొత్త పాటల ఆల్బమును వెలువరించినదట. ఆ పాటలను నగరములవెంట తిరిగి వినిపింపబోవుచున్నదట. ప్రదర్శనముల తేదీలు, స్థలములు, టిక్కెట్టు వెల, గిటారు వాయించువాని పేరు, డ్రమ్ములు వాయించువాని పేరు, తుదకు ధ్వనియంత్రమును సరిచూచువాని పేరు సైతము ఆ కాగితముపై అచ్చుపడియున్నవి. నా వెంటనున్న మేనల్లుడు బస్సు కదలకముందే చేతిఫోనులో రెండు టిక్కెట్లు కొనివేసెను. బేరము లేదు, సిఫారసు లేదు, "మనవాండ్లే కదా, ఊరకే పాడి పొండ్రు" అను మాట లేదు.

ఇల్లు చేరునప్పటికి నా బల్లపై మరియొక కాగితముండెను. మన ప్రాంతమున జరుగబోవు ఒక సభకు ఆహ్వానము. అధ్యక్షుని పేరు, ముఖ్య అతిథి పేరు, విశిష్ట అతిథులు పదునొకండుగురి పేర్లు, వారి పదవులతో బిరుదులతో వరుసగా నున్నవి. అట్టడుగున, అచ్చుకూటమువాడు మిగిలిన చోటు పూరించుటకు వేసినట్లు, ఒక్క పంక్తి: "సభానంతరము ఒగ్గుకథ కలదు." ఎవరి ఒగ్గుకథ? ఏ యూరి బృందము? కథకుడెవరు? డోలు ఎవరిది? ఒక్క అక్షరము లేదు. విచారింపగా తెలిసినదేమన, ఆ బృందమునకు ముట్టబోవునది దారిఖర్చు, ఒక పూట భోజనము, తలకొక శాలువ.

ఈ రెండు కాగితములను ప్రక్కప్రక్కన బెట్టి చూచితిని. నేడు కలము పట్టుటకు అంతకుమించిన కారణము లేదు.

మొదటి కాగితముపై నాకు కోపము లేదని ముందే చెప్పవలెను. తెలుగునాట పాటయనగా సినిమాపాటయే యను దురవస్థ దాపురించి చాలకాలమైనది. నిర్మాత కోరినది వ్రాసి, కథానాయకుని అడుగులకు సరిపోవునట్లు బాణి కట్టినదే పాట. ఆ సంకెల తెంచి, తమ మాట తామే వ్రాసుకొని, తమ గొంతుతో తామే పాడుకొను పడుచువాండ్రు మనకు ఆప్తులే. చౌరస్తా యను బృందమువారు "ఊరెళ్ళిపోతా మామ" యని పాడినప్పుడు, నగరమున ఇరుకు గదులలో నలుగురైదుగురు కలిసి బ్రతుకుచున్న మన పల్లెల పిల్లలు తమ గుండెలోని మాట విన్నట్లు విని పరవశించిరి. అట్టివారు టిక్కెట్టు పెట్టి పాడుట దోషము కాదు. టిక్కెట్టు పెట్టుటయే సరియైన మర్యాద.

కాని చదువరులారా, ఈ స్వతంత్రవృత్తి నగరమున గిటారుతో పుట్టినదని భ్రమపడకుడు. ఒగ్గుయనగా డమరుకము. దానిని చేతబట్టిన ప్రధాన కథకుడొకడు, వంత పలుకువాడొకడు, డోలు, తాళము, నపీర. నలుగురో ఐదుగురో ఆరుగురో. ప్రొద్దుగూకిన తరువాత మొదలిడిన బీరప్ప కథయో, మల్లన్న కథయో, ఎల్లమ్మ కథయో, కోడికూత వరకు సాగును. గొంగడి భుజముపై వేసినంత మాత్రమున కథకుడు గొల్లవాడగును; అదే గొంగడిని తలపై కప్పుకొని తల్లి యగును; మరుక్షణమున రాజై గర్జించును. కథ వారిది, బాణి వారిది, వాద్యము వారిది. నిర్మాత లేడు, దర్శకుడు లేడు. దీనిని స్వతంత్ర వాద్యబృందమనక మరేమనవలెను? మన జనగామ ప్రక్కనున్న మాణిక్యపురపు చుక్క సత్తయ్యగారు ఈ కథను పల్లె గుడిసెల నడుమనుండి రేడియోకును దూరదర్శనమునకును కొనిపోయి, దేశమంతట పేరు దెచ్చి, 2017లో కన్నుమూసిరి. ఆయన డోలుదెబ్బ విన్నవారికి నేటి బ్యాండువారి డ్రమ్ముదెబ్బ వింత గొల్పదు. వయసు మళ్ళిన తాత మనుమనిలో కనబడినట్లుండును.

ఇక వారి రాబోవు ప్రదర్శనములన్ననో, వానికి గోడప్రకటన యక్కరలేదు. సంక్రాంతికి ఐనవోలు. సంక్రాంతినుండి ఉగాది వరకు ఆదివారము ఆదివారము కొమురవెల్లి. మహాశివరాత్రికి పాలకుర్తి సోమేశ్వరుని గుట్ట. పంచాంగమే వారి ప్రకటన.

పాలకుర్తివారికి ఈ విషయమును మరియొకరు బోధింపనక్కరలేదు. ఏడెనిమిది శతాబ్దులకు పూర్వము ఈ మట్టినుండియే పాల్కురికి సోమనాథుడు లేచి, పండితులు మెచ్చు సంస్కృత వృత్తముల ప్రౌఢిని కాదని, అందరు పాడుకొను దేశి ద్విపదను చేబట్టెను. జానుతెనుగన్నాడు, జనుల పాటను తక్కువ చేయలేదు. పండితారాధ్య చరిత్రలో ఆనాటి జనులు పాడుకొను తుమ్మెద పదములు, వెన్నెల పదములు, పర్వత పదములు, నివాళి పదములు, గొబ్బి పదములు మున్నగువానిని పేరుపేరున స్మరించెను. ఆనాటి వీణెల పేర్లను, వాద్యముల పేర్లను బారులు తీర్చి చెప్పెను. తాటాకుపై గంటముతో వ్రాసిన ఆ మహాకవికి పాటలన్నిటి పేర్లు చెప్పుటకు చోటు చాలినది. రంగుల కాగితముపై యంత్రముతో అచ్చువేయు మనకు ఐదుగురు మనుష్యుల పేర్లు వేయుటకు చోటు చాలలేదు!

ఈ మాట నేను మన పఠనమందిరమున ఎత్తినప్పుడు ఒక పెద్దమనిషి తల పంకించి, "వకీలు గారూ, కళకు వెల కట్టుట తగదు. పోతన గారు రాజుకు భాగవతము నమ్ముకొన్నారా? ఆ బమ్మెర మన గడపలోనిదే కదా" యనిరి. చుట్టునున్నవారు అవునవుననిరి. నేను వారిని వినయముతో నొక్కమాట అడిగితిని: జనశ్రుతి చెప్పు ఆ పోతన చేతిలో నేమున్నది? నాగలి యున్నది. నాగలి క్రింద పొలమున్నది. పొలమున్నవాడు రాజును కాదనగలడు. ఒగ్గు చేబట్టినవానికి మీరు చూపిన పొలమెక్కడ? పోతన త్యాగమును కొనియాడు హక్కు మనకు కలదు. ఆ త్యాగమును పరుని చేత బలవంతముగ చేయించు హక్కు ఎవరిచ్చిరి?

అదిగాక, ఈ నిష్కామధర్మము సభలో మరి యెవరికిని వర్తింపకుండుట గమనింపుడు. షామియానా వేసినవానికి రొక్కము. మైకు తెచ్చినవానికి రొక్కము. వంటవానికి ముందుగనే బయానా. పూలదండలు కట్టినవానికి రొక్కము. చివరకు శాలువలమ్మిన దుకాణదారునికి సైతము రొక్కమే. అతడు తన సరకును కళాభిమానముతో ఊరక ఇచ్చినట్లు నేనెన్నడు వినలేదు. డోలువానికి మాత్రము ఆ శాలువ! అతని యింట అట్టి శాలువలు దండెముపై వ్రేలాడుచున్నవి. మన యెండకాలమున అవి కప్పుకొనుటకు పనికిరావు. అంగడివాడు మరల కొనడు.

పూర్వకాలమున వారికి మాత్రము ఏమి ముట్టెడిదని కొందరడుగుదురు. ముట్టెడిది. అది మిరాశి. ఏ కులమువారికి ఏ బృందము కథ చెప్పవలెనో, ఏ బృందమునకు ఏ యూళ్ళపై హక్కో, కల్లమువద్ద ఎన్ని కుంచముల గింజలో కట్టుబాటుండెను. చిందువారికి, శారదకాండ్రకు, బుడగజంగములకు ఇట్టి హక్కులే యుండెడివి. ఆ కట్టుబాటులో కులపు ఎక్కువతక్కువలు, అవమానములు పెనవేసికొని యుండెను గనుక దానిని మరల నిలబెట్టుమని నేననను. కాని ఆ కల్లము పోయినది, ఆ కుంచము పోయినది. దాని చోట మనమేమి నిలిపితిమి? హక్కుగా వచ్చెడి గింజను ఎత్తివేసి, దయగా ఇచ్చెడి గుడ్డను నిలిపితిమి. ఇది అభివృద్ధియా?

ఇచ్చట నా తప్పును నేనొప్పుకొనవలెను. ప్రత్యేక రాష్ట్రోద్యమ కాలమున నేనును స్వచ్ఛందసేవకుడనై జంపఖానాలు పరచితిని, కరపత్రములు పంచితిని, ధూంధాం సభలకు జనమును సమీకరించితిని. ఆ దినములలో డోలు మ్రోగక సభ కూడెడిది కాదు. మా వంటి వకీళ్ళు గంటసేపు మాటలాడినను కదలని జనము, గజ్జె ఘల్లుమన్నంతనే లేచి నిలిచెడిది. ఆ కళాకారులు ఏ అర్ధరాత్రియో సభ ముగిసినపిదప లారీ యెక్కి, మరునాడు మరియొక ఊర పాడెడివారు. కూలి అడుగలేదు. మేమును ఇవ్వలేదు. "రాష్ట్రము రానిండు, మీ బ్రతుకు మారును" అని వారితో నేనే చెప్పితిని. ఒక్కనితో కాదు, చాలమందితో. 2014లో రాష్ట్రము వచ్చినది. ప్రభుత్వము సాంస్కృతిక సారథి యను సంస్థను నెలకొల్పి ఐదువందల యేబది మందికి జీతములు ఏర్పరచినది. అది మంచి పని, కాదనను. ఐతే ఆ జీతము ప్రభుత్వ పథకములను పాడుటకు ఇచ్చు జీతము; బీరప్ప కథను తెల్లవార్లు చెప్పుటకు కాదు. ఆ ఐదువందల యేబదిలో లేనివారి మాట ఎవరు తలపెట్టిరి? వారిలో ఒకడు కచేరి వరండాలో నన్ను గుర్తుపట్టి "దండం సారూ" అన్నప్పుడు తల ఎత్తి చూచుటకు నాకు సిగ్గగుచున్నది.

బిరుదులు రాలేదా యందురు. వచ్చినవి. మన దేవరుప్పుల మండలము అప్పిరెడ్డిపల్లె చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చినది. జిల్లా గర్వింపవలసిన సంగతి. పండ్రెండు మెట్ల కిన్నెర వాయించు మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. అంతకు ముందు సంవత్సరమే భీమ్లా నాయక్ చిత్రపు పాటకు ఆయన గొంతే ఎత్తుగడ. విచిత్రమేమన, చౌరస్తా బృందమునుండి వచ్చిన రామ్ మిరియాల గారి గొంతును అదే పాటలో నున్నది. బ్యాండు గొంతు, కిన్నెర గొంతు ఒక్క పాటలో కలిసినవి. జనము వేనోళ్ళ పొగడిరి. 2024 మే నెలలో ఆ కిన్నెర మొగులయ్యగారు హైదరాబాదు శివార్లలో ఇల్లు కట్టుచోట దినకూలికి పనిచేయుచున్నట్లు పత్రికలలో బొమ్మలతో సహా వార్త వచ్చినది. బలగం చిత్రమును చూచి కన్నీరు పెట్టనివారు మన ప్రాంతమున లేరు. 2023లో ఆ చివరి పాట పాడినది దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. మరుసటి సంవత్సరము డిసెంబరులోనే మొగిలయ్యగారు మూత్రపిండముల వ్యాధితో మరణించిరి. దాతలు, ప్రభుత్వము చికిత్సకు చేయూతనిచ్చిన మాట నిజము. నేనడుగునది వేరు. పాటను నమ్ముకొన్నవాడు వ్యాధిపడినప్పుడు దాత ఇంటికి పోవలసి వచ్చుట యేమి? పాట పాడినందుకు ఏటేట వచ్చు హక్కుసొమ్ము పెట్టెలో ఏల లేకపోవలెను?

హక్కుసొమ్మా! ఒగ్గువానికా! యని నవ్వువారున్నారు. వారు చట్టము చదువలేదు. నేను చదివితిని, పొట్టకూటికే యైనను చదివితిని, కావున చెప్పుచున్నాను. 1957 నాటి కాపీరైటు చట్టమును 1994లో సవరించినప్పుడు ప్రదర్శకుని హక్కు అనునదానిని క్రొత్తగా చేర్చిరి. ప్రదర్శకుడనగా ఎవరు? చట్టమే చెప్పుచున్నది: నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు, దొమ్మరి, గారడివాడు, పాములాడించువాడు, ఉపన్యాసకుడు. పాములవాని వరకు దిగివచ్చి హక్కునిచ్చిన చట్టము డోలువాని గుమ్మమువద్ద ఆగిపోయినదని తలచితిరా? ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరపు ఆరంభమునుండి 50 సంవత్సరములు ఆ హక్కు నిలుచును. 2012లో మరల సవరించి, వర్తకమునకు వాడుకొన్నచో ప్రదర్శకునికి రాయల్టీ రావలెననిరి. అతని పేరు చెప్పవలెననియు, అతని పాటను వికృతము చేయరాదనియు కోరు హక్కు నిచ్చిరి. హక్కును మరియొకనికి వ్రాసి ఇచ్చుటకు నోటిమాట చాలదు, సంతకముగల పత్రము కావలెను. అందు గడువు, ప్రాంతము, ముట్టు సొమ్ము వ్రాసియుండవలెను. గడువు వ్రాయనిచో అయిదు సంవత్సరములే. 1996లో జెనీవాలో కుదిరిన ఒడంబడికలో జానపద కళారూపములను ప్రదర్శించువారును ప్రదర్శకులే యని స్పష్టముగ నున్నది. 2018లో మన దేశమును అందు చేరినది. ఇవి నేను కల్పించినవి కావు.

ఆ చట్టము పల్లెలో ఎట్లు నడచుచున్నదో చూడుడు. రెండేండ్ల క్రిందట ఒక ముదుసలి కథకుడు మడతలు పడిన కాగితమొకటి నా యొద్దకు తెచ్చెను. ఒక సీడీల వర్తకుడు కొన్నియేండ్ల క్రిందట రెండు రాత్రుల కథను ముద్రించుకొని వ్రేలిముద్ర వేయించుకొన్న కాగితమది. "సర్వహక్కులును ఇచ్చివేసితిని" అని యున్నది. గడువు లేదు. రాయల్టీ మాట లేదు. ఇచ్చిన సొమ్ము ఆ రెండు రాత్రుల బీడీలకు, కల్లుకు మించదు. ఆ కథ నేడు యూట్యూబులో నున్నది. దాని నడుమ సబ్బుల ప్రకటనలు, భూముల ప్రకటనలు వచ్చుచున్నవి. క్రింద వర్తకుని పేరున్నది, కథకుని పేరు లేదు. అయిదేండ్ల గడువు ఎన్నడో దాటిపోయినదని ఆయనకు చెప్పగా, కొంతసేపు ఊరకుండి, "అయితే నా గొంతు నాకు మల్లొచ్చిందా అయ్యా?" యని యడిగెను. నోటీసు పంపితిని. ఇంతవరకు ప్రత్యుత్తరము లేదు, వ్యాజ్యము వేయబోవుచున్నాము.

మరియొక చట్టపు ముచ్చట, నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియనిది. జానపద కళాకారుడు ఒక ప్రదర్శనకు లక్షన్నర రూపాయల వరకు పారితోషికము తీసికొన్నచో జీఎస్టీ కట్టనక్కరలేదని 2017లో మినహాయింపు నిచ్చిరి. శాలువపై పన్ను వేయలేదని మన కళాకారులు సంతోషింపవలెను కాబోలు!

నగరపు పడుచువాండ్రతోను నాలుగు మాటలు చెప్పవలసియున్నది. వారు పల్లె డోలును తమ పాటలలో చేర్చుచున్నారు. చేర్చనిండు. బీరప్ప బాణి ఏ యొక్కని సొత్తు కాదు. దానిపై చట్టము ఎవరికిని దస్తావేజు వ్రాసి ఇయ్యలేదు, ఇయ్యనక్కరయు లేదు. గాలివలె నీటివలె అది అందరిది. కాని ఒక మనుష్యుడు ఒక రాత్రి కొట్టిన దెబ్బ అతనిదే. ఆ దెబ్బను యంత్రములో పట్టి, ప్యాడు మీద వ్రేలితో తట్టి, వేయి పెండ్లిండ్లలోను నూరు పాటలలోను మ్రోగించుచున్నప్పుడు, అది యెవని చేతిదెబ్బయో తెలిసికొని పేరు వేయుటకు, వాటా ఇచ్చుటకు అడ్డమేమి? సినిమావారు తమ పాటను దోచిరని కంపెనీలపై కంటగించుకొను యువకులు, తామును పల్లెయెడ కంపెనీలు కారాదు. డోలు కావలసినచో డోలువానిని రంగస్థలముపైకి పిలువుడు, ఆల్బము అట్టపై అతని పేరు వేయుడు, గిటారువానికి ఎంతో అతనికి అంతే ఇండు. అట్లు చేయువారు కొందరున్నచో వారికి నా నమస్కారము. ఈ మాటలు వారినుద్దేశించినవి కావు.

కాని నా మొర ప్రధానముగ నగరముపై కాదు, మనపైననే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు దున్నిన పొలముపై విసునూరు దేశముఖు కన్ను పడినప్పుడు, 1940లనాటి ఆ చీకటిలో, చదువురాని ఆ స్త్రీ అడిగిన ప్రశ్న ఒక్కటే: నా చెమటతో పండిన పంట నీ గడీకెట్లు చేరును? ఆంధ్రమహాసభ కార్యకర్తలు ఆమె ప్రక్కన నిలిచి కోత కోయించి ధాన్యమును ఆమె యింటికే చేర్చిరి. ఆమె విగ్రహమునకు మనము ఏటేట దండ వేయుచున్నాము. ఆ సభలో పాడుటకు వచ్చిన బృందమునకు మాత్రము వెట్టి! వెట్టి పోయినదని దేశమునకు చాటిన గడ్డపై, వెట్టిని ఎదిరించిన తల్లి పేరిట జరుగు సభలోనే, మరల వెట్టి! ఇది ఎవరికిని కంటగింపు గాకుండుట చూడ నాకు భయము పుట్టుచున్నది. అలవాటైన అన్యాయము ఇంటి దూలమువలె కంటికి ఆనదు కాబోలు.

"డబ్బెక్కడిది?" యని కమిటీలవారు చేతులు చాచుదురు. పదునొకండుగురు విశిష్ట అతిథులలో నలుగురిని తగ్గించి, వారి దండలు, శాలువలు, జ్ఞాపికలు, ఫ్లెక్సీలు మానినచో చాలునని నా లెక్క. అంతకును చాలనిచో మనమును ఒగ్గుకథకు టిక్కెట్టు పెట్టుదము. నా మేనల్లుడు బ్యాండుకు కొన్నట్లే మనము కొందము. కొనమా? కొనము అనువారు చేయెత్తి చెప్పుడు; కళాభిమానులమను మాటను మాత్రము నాటినుండి నోట పలుకకుడు.

ఒప్పందపు కాగితమొకటి నేను సిద్ధపరచితిని. ఒక్క పుట. కథకునికి చదివి వినిపింపగా అర్థమగు తెలుగున వ్రాసితిని. ప్రదర్శన తేదీ, బృందములోని ప్రతి మనిషి పేరు, ముట్టు సొమ్ము, అందులో ముందుగ ఇచ్చునదెంత, ఫోనులలో పట్టుకొని బయట పెట్టుటకు అనుమతి కలదా లేదా, కలదన్నచో ఎన్నేండ్లకు, వచ్చిన దానిలో వాటా ఎంత. నూరు రూపాయల స్టాంపు కాగితముపై వ్రాసికొన్నచో చాలును. వ్రాయించి ఇచ్చుటకు నేను రుసుము పుచ్చుకొనను. ఇరువది ప్రతులు పఠనమందిరపు బల్లపై, పత్రికల ప్రక్కన నుంచితిని. నాకు వచ్చిన ఆహ్వానమునకు ఒక ప్రతిని జతపరచి సభా కార్యదర్శికి నిన్ననే తిప్పి పంపితిని. కథకుని పేరు, డోలువాని పేరు వ్రాయవలసిన చోట్లు ఖాళీగ నున్నవి. సభకు ఇంకను పండ్రెండు దినములున్నవి.